రెండో తాళంచెవి

హలో… ఆ, నేనే తమ్ముడూ. ఈ ఫోను పక్కన ఇంకెవరుంటారు, నేనే… దొరికాడా?

…

లేదా.

ఆ… లేదు, నిలబడి లేను, కూర్చునే ఉన్నా. నువ్వు చెప్పు. దొరకలేదంటే ఇంకా వెతుకుతున్నారనేగా?

… …

నీళ్లు నమలకు తమ్ముడూ. మొన్న పొద్దున ఆ బావిలోకి నలుగురు దిగారు. పూడిక విరిగిపడితే ముగ్గురే ఎక్కి వచ్చారు. ఆ ముగ్గురిలో నువ్వొకడివి. పైగా ఆ గుంపుకి మేస్త్రివి. నువ్వు చెప్పకపోతే మీ బావ సంగతి నాకెవరు చెప్తారు?

… ఆపేశారా? ఎప్పుడు?

పొద్దుటే? మరి పొద్దుటి నుంచీ ఏం చేస్తున్నావు? ఇప్పుడా ఫోను?

లేదు, అరవట్లేదు. అత్తయ్య లోపల పడుకుంది, అరవను. ఆవిడకి ఇంకా చెప్పలేదు. పొరుగూరి పని మీద వెళ్లాడని చెప్పా. ‘చొక్కా మార్చుకోకుండా వెళ్లాడా’ అంటోంది. ఆవిడకి కళ్లే కనిపించవు గానీ బుర్ర బాగానే ఉంది.

సరే… ఎందుకు ఆపారో చెప్పు.

… ఊ.

… ఊ. తవ్వినకొద్దీ పూడిక జారుతోంది. అవును, బురద జారక నిలబడుతుందా? జారితే మళ్లీ తవ్వాలి. నది వైపు గొట్టంలో పూడిక తీయడమేగా మీ ఉద్యోగం? ఊరందరి కోసం తీసేవాళ్లు, మీలో మనిషి కోసం తీయలేరా?

… ఎవరన్నారు ఆపమని?

పైనుంచి అంటే? ఆకాశం నుంచా?

… సరే. సరేలే, నీ మీద అరిచి ఏం లాభం. గేటు మూసే ఉందిగా? అది చెప్పు ముందు. నది నీళ్లు గొట్టంలోకి రాకుండా గేటు మూసే ఉందిగా?

… ఉందిగా?

ఆ. మరి అలా చెప్పు. గేటు మూసి ఉన్నంతసేపూ లోపల గాలి ఉంటుందని మీ బావ అనేవాడు. గొట్టం పైభాగాన కొంచెం చోటు ఉంటుందట, మోకాళ్ల మీద కూర్చుంటే తల పడుతుందట. ఆయన తల పెద్దదే, అయినా పడుతుంది.

… ఏంటి?

ఏం కావాలి అన్నావు?

తాళంచెవా.

… … 

ఉంది. నా మెళ్లోనే ఉంది. దారానికి కట్టుకున్నా. ఎందుకు?

… తాళం తీయాలా. ఎవరి తాళం?

నాకు అర్థమయింది, నీ నోటితో చెప్పు. ఎవరి తాళం తీయాలి?

ఆ. మీ బావది. పసుపు రంగు తాళం. గేటు చక్రానికి గొలుసు వేసి, దిగే ప్రతివాడూ ఆ గొలుసుకి తన తాళం తగిలించి దిగుతాడు. ఎక్కినవాడు తన తాళం తను తీసుకుంటాడు. ఒక్క తాళం మిగిలినా చక్రం తిరగదు. అంటే లోపల మనిషి ఉన్నట్టు. చూశావా, మీ బావ రోజూ వల్లించి వల్లించి నాకు నోటికొచ్చేసింది. ఆయన్ని మీరంతా తాళాలాయన అని వెక్కిరించేవాళ్లుగా? స్నానానికి వెళ్తే కుళాయికి కూడా తాళం వేసుకుంటాడని నువ్వే అన్నావు ఒకసారి, నా ఎదుటే. ఆయన కూడా నవ్వాడు.

మీ ముగ్గురి తాళాలూ మీరు తీసుకున్నారు. ఆయనది గొలుసుకే ఉంది. అంటే ఏంటి తమ్ముడూ?

… అంటే ఏంటి?

లోపలున్నాడనేగా.

… …

ఏడవకు. నువ్వేడిస్తే నేనేం కావాలి.

… ఊ… చెప్పు, వింటున్నా.

తెలుసు. ఊరంతా నీళ్లు లేవని నాకు మాత్రం తెలియదా? ఇంట్లో గ్లాసుడు నీళ్లు లేవు. అత్తయ్య పొద్దుటి నుంచి ‘గొంతు తడారిపోతోందే’ అంటోంది. నిన్నటి టీ చల్లారింది ఉంటే అదే పట్టా. ఇదిగో, మా వాకిట్లో ఖాళీ బకెట్లు పట్టుకుని సగం వీధి నిలబడి ఉంది. తిట్టట్లేదు, మంచివాళ్లు. ఊరికే నిలబడ్డారు. అదే తిట్టినట్టుంది.

… ఆసుపత్రిలోనూ లేవా?

పురిటి గదిలో కూడానా…

అయ్యో.

… నువ్వు అలా మాట్లాడకు. వాళ్ల పిల్లల్ని తెచ్చి నా మెళ్లో వేయకు. నేనేమీ బండరాయిని కాను. లారీల్లో తెప్పించొచ్చుగా నీళ్లు? ఒక మనిషి లోపలున్నాడు, నాలుగు రోజులు లారీల్లో తాగండి అంటే ఊరు కాదంటుందా?

… ఎవరూ అడగలేదా ఊరిని. అదీ సంగతి.

ఒక్కటి చెప్పు. అంత తొందరయితే తాళం కోసెయ్యొచ్చుగా? మీ దగ్గర రంపాలు లేవా? కత్తెరలు లేవా? నా మెళ్లో ఉన్న రేకు ముక్కే కావాలా?

… …

ఆ. అదీ. కోస్తే రిపోర్టు రాయాలి. ‘ఫలానా మనిషి తాళం కోశాం, ఆ మనిషి ఎక్కడున్నాడో చూశాం’ అని రాసి, సేఫ్టీ ఆఫీసరు సంతకం పెట్టాలి. చెవితో తీస్తే రాసే పని లేదు. ఎందుకంటే చెవితో తీసేది ఆ మనిషే కాబట్టి. ఆయనే బయటికొచ్చి, ఆయనే తీసుకున్నట్టు.

చూశావా. నువ్వు చెప్పకపోయినా తెలుస్తోంది.

… ఏది నియమం? రెండో తాళంచెవి ఇంట్లో ఉండకూడదా! ఇప్పుడు గుర్తొచ్చిందా నియమం? కిందటేడు ఏం జరిగిందో మర్చిపోయావా? మీ గుంపులో పొడుగు కుర్రాడు లోపలుండగా, వాడి తాళం గొలుసుకుండగా, ఆఫీసులో ఉన్న రెండో చెవితో టక్కున తీసి గేటు తిప్పలేదూ? ఆ పిల్లాడి రెండు కాళ్లూ నలిగిపోతే ఏం రాశారు రిపోర్టులో? ‘మెట్టు మీద జారాడు.’ ఆ రోజు మీరంతా మా వరండాలో కూర్చుని ఒట్టేసుకున్నారు, ఇకమీదట రెండో చెవి ఆఫీసులో ఉంచం, పెళ్లాల చేతికే ఇస్తాం అని. మేమంతా నవ్వుకున్నాం కూడానూ, మొగుళ్ల ప్రాణాలు మెళ్లో కట్టుకు తిరుగుతున్నాం, దొంగలు పడితే దోచుకునేది ఇదొక్కటే అని.

మరదల్ని అడుగు, చెప్తుంది. దాని మెళ్లో ఉందిగా నీది?

… లేదా?

ఎక్కడుంది మరి?

… ఆఫీసుకి ఇచ్చేశావా. ఎప్పుడు?

మేస్త్రిని చేసినప్పుడు.

ఊ…

మిగతావాళ్లు?

… వాళ్లూనా. అందరూ ఇచ్చేశారా. అంటే ఇంత ఊర్లో ఇది నా ఒక్కదాని మెళ్లోనే ఉంది. పిచ్చిదాన్ని, ఇంకా పదిమంది ఉన్నారనుకుంటున్నా. ఈమధ్య కుళాయి దగ్గర మరదలు కనపడితే కళ్లెత్తి చూడలేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నా.

మీ బావకి తెలుసా? మీరంతా ఇచ్చేశారని?

… తెలుసా. నాతో అనలేదే…

అనడు. నేను భయపడతానని అనడు. ఈ ఇంట్లో నా భయం చుట్టూ తిరిగి నడుస్తారు అందరూ, గదిలో బల్ల చుట్టూ తిరిగినట్టు. వీధి మలుపు తిరిగేదాకా సైకిలు చప్పుడు వింటూ నిలబడతానని ఆయనకి తెలుసు. అందుకే మలుపు దగ్గర ఒకసారి గంట కొట్టేవాడు. మొన్న అది కూడా వినలేదు.

స్నానాల గదిలో ఉన్నా తమ్ముడూ. తలుపు అవతలి నుంచి ‘తలుపు దగ్గరగా వేసి వెళ్తున్నా, గడియ పెట్టుకో’ అన్నాడు. నేను ‘ఊ’ అన్నా. అంతే. మొహం చూడలేదు. ఏ చొక్కా వేసుకున్నాడో చూడలేదు. ఇన్నేళ్ల కాపురానికి ఆఖరికి ‘ఊ’ ఏంటి చెప్పు? ఏదన్నా అనాల్సింది. తొందరగా రా అనో, గొడుగు తీసుకెళ్లు అనో. వాన కూడా లేదు… ఏదో ఒకటి.

గడియ ఇంకా పెట్టలేదు. దగ్గరగా వేసే ఉంది.

… ఆ, ఉన్నా. వింటున్నా.

ఇంతకీ మీ బావ ఏమయ్యాడని రాశారు రిపోర్టులో?

… ఇంకా రాయలేదా? తమ్ముడూ. నువ్వు నా చేతి వంట తిన్నవాడివి. నీ పెళ్లికి చెప్పులు తెగితే మీ బావ చెప్పులు వేసుకుని ఊరేగినవాడివి. అబద్ధం చెప్పేముందు నీకు దగ్గొస్తుందని నాకు తెలుసు. ఇప్పుడు దగ్గావు. ఏం రాశారు?

… …

చదువు.

ఫరవాలేదు, చదువు.

… ‘పని ముగించుకుని అందరితో పాటు బయటికి వచ్చాడు…’

ఊ.

‘తాళం తీయడం మరచి…’

ఆగు. ఏంటీ? మరచి? మీ బావా? తాళం? అన్నం తినడం మర్చిపోతాడు, మా పెళ్లిరోజు మర్చిపోతాడు, ఒకసారి అత్తయ్యని బస్టాండులో మర్చిపోయి వచ్చాడు. తాళం మర్చిపోయాడని రాశారా! రాసినవాడు ఆయన్ని ఒక్క పూటన్నా చూశాడా?

… నవ్వు కాదది. నవ్వులా వినిపించిందా? సరే… తర్వాత?

‘ఎవరికీ చెప్పకుండా ఎటో వెళ్లిపోయాడు.’

ఎటో.

ఎటు తమ్ముడూ? ఇంటికి రాకుండా ఎటు వెళ్తాడు? రబ్బరు బూట్లతో వెళ్లాడా? దిగేముందు చెప్పులు విడిచి బూట్లు వేసుకుంటారుగా. చెప్పులు బావి గట్టు మీదే ఉన్నాయని నిన్న నువ్వే చెప్పావు.

… లేవా?

నిన్న ఉన్నాయన్నావే.

సైకిలు?

… సైకిలూ లేదు. సరే. చెప్పులు వేసుకుని, సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఎంత శుభ్రంగా సర్దారు.

కింద సంతకాలు ఎవరివి?

… సాక్షులు ఎవరు అని అడుగుతున్నా. బయటికొచ్చాడని చూసినవాళ్లు.

ఆ ఇద్దరూ పెట్టారా. ఇంకెవరు?

… …

నువ్వూ పెట్టావా?

… …

ఆ.

లేదు, ఏమీ అనను. ఏమంటాను. నీకు పిల్లలున్నారు. మేస్త్రి పనుంది. నీ స్థానంలో మీ బావ ఉంటే పెట్టేవాడా అని అడగను. అడిగి ఏం చేసుకోను.

ఒక్కటి మాత్రం అడుగుతా. దగ్గకుండా చెప్పు. లోపలి నుంచి చప్పుడేమైనా వచ్చిందా? గొట్టం మీద?

… …

వచ్చిందా.

ఎప్పుడు? మొన్న సాయంత్రమా?

… నిన్న కూడానా…

ఎలా? ఎలా కొట్టాడు?

ఆగి ఆగి. ఆగి ఆగి కొట్టాడు. అది మీ గుర్తే కదా, ‘ఉన్నాను, తాడు లాగండి’ అని. మా ఇంట్లో కూడా అలాగే కొడతాడు తలుపు. పాలవాడు వేరేగా కొడతాడు, ఈయన వేరేగా…

నిన్న మధ్యాహ్నం ఫోన్ చేసినప్పుడు నాకెందుకు చెప్పలేదు? నేనొచ్చి గట్టు మీద కూర్చునేదాన్నిగా. నేనూ పైనుంచి కొట్టేదాన్నిగా. ఏదో రాయి పట్టుకుని కొట్టేదాన్ని. వినిపించేది ఆయనకి.

… నన్ను రానివ్వొద్దన్నారా. పైనుంచి. ఊ.

ఆఖరుగా ఎప్పుడు వినిపించింది?

… చీకటి పడేముందు. తర్వాత లేదు.

… …

నిద్రపోయి ఉంటాడు. కాదా? అలసిపోయి ఉంటాడు. నిద్రపోతే ఇంక లేపలేం ఆయన్ని, పక్కన డప్పు కొట్టినా లేవడు. నీకు తెలుసుగా.

… ఆ. తెలుసు. నాకూ తెలుసు తమ్ముడూ. నేనూ చిన్నపిల్లని కాను. ఊరికే అన్నా.

ఉండు. ఒక్క నిమిషం ఉండు, ఆలోచించుకోనీ.

…

విను. తాళంచెవి నీకివ్వను. ఎవరినీ పంపకు. నేనే వస్తా. నేనే తీస్తా తాళం. పట్టపగలు, నలుగురూ చూస్తుండగా. మొగుడు బయటికొస్తే పెళ్లాం వచ్చి తాళం తీస్తుందా? ఊరు చూస్తుంది, ఆయన లోపలున్నాడని ఊరికి తెలుస్తుంది. మీ రిపోర్టు మీరు రాసుకోండి, నా రిపోర్టు ఇది. తీసేముందు నేనొకసారి గొట్టం మీద కొడతా. జవాబు వస్తే తవ్వుతారు. రాకపోతే… రాకపోతే తీస్తా. ఆసుపత్రికి నీళ్లిస్తా. నా చేత్తో ఇస్తా.

… వద్దని నువ్వెవరు చెప్పడానికి?

ఉండు, ఫోన్ పెట్టకు. దర్జీగారూ! ఏమండీ దర్జీగారూ, ఒకసారి ఇలా గుమ్మం దగ్గరికి రండి. మీరంతా నాతో బావి దాకా రావాలి… అవును, బకెట్లతోనే రండి. మా ఆయన గొట్టంలోనే ఉన్నాడు. ఎటూ పోలేదు. నేను తాళం తీస్తుంటే మీరు చూడాలి, రేపెవరైనా అడిగితే చూశామని చెప్పాలి. చెప్తారుగా?… చెప్తారా? మీరు చల్లగా ఉండాలి. అమ్మా, నువ్వూ రా, నీ కోడల్ని కూడా పిలు. అత్తయ్య పక్కన ఎవరన్నా ఒకరు ఉండండి చాలు.

విన్నావా తమ్ముడూ? పదిమందికి తక్కువ లేరు. వస్తున్నాం. చెప్పులేసుకుంటున్నా.

… ఎందుకు రావొద్దు?

రావొద్దు అక్కా, రావొద్దు అక్కా… కారణం చెప్పు. నన్నేం చేస్తారు, గేటు దగ్గర ఆపుతారా? ఆపనీ. ఆపింది కూడా పదిమంది చూస్తారు.

… ఏంటి, వినపడట్లేదు. ఇక్కడ ఏదో గోల. ఉండు.

ఏమయిందమ్మా? ఎందుకు పరిగెడుతున్నారు? దర్జీగారూ! ఎక్కడికండీ… ఏంటి?

ఏం వచ్చాయి?

…

దర్జీగారూ, బకెట్టు పెట్టేసి రండి. అమ్మా, నువ్వన్నా… ఆ, పట్టుకో. పట్టుకోమ్మా, ముందు పట్టుకో. పిల్లలున్నవాళ్లు.

… …

తమ్ముడూ.

కుళాయిల్లో నీళ్లొచ్చాయి.

… …

వీధిలో ఒక్కరు లేరు. అందరూ ఇళ్లలోకి పరిగెత్తారు.

మాట్లాడు.

గేటు మూసే ఉందన్నావు ఇందాక. నేను రెండుసార్లు అడిగా. గేటు తిప్పాక బావి నిండాలి. నిండాక మోటారు వేయాలి. అది గుట్ట మీద ట్యాంకుకి ఎక్కాలి. ట్యాంకు సగమన్నా నిండితే గానీ మన వీధికి దిగదు. ఒక పూట పడుతుంది.

అంటే పొద్దుటే తిప్పారు.

నువ్వు ఫోన్ చేసేసరికే అయిపోయింది. కోసేశారు తాళం.

… మరి ఈ చెవి ఎందుకు నీకు? తాళమే లేనప్పుడు చెవి దేనికి? చెప్పు.

… ఆఫీసు కొక్కేనికా.

ఆ… పని అయినవాడు చెవి తెచ్చి కొక్కేనికి తగిలించి ఇంటికెళ్తాడు కదూ. ఆయన చెవి ఆయన జేబులో ఉంది, గొట్టంలో. ఇది తగిలిస్తే ఆయన తగిలించినట్టే. చెప్పులు సర్దారు, సైకిలు సర్దారు, ఇదొక్కటే మిగిలింది. అది తెమ్మని నిన్ను పంపారు. నా మాట నువ్వు కాదనవు, నీ మాట నేను కాదనను అని.

నువ్వక్కడే ఉన్నావా? తిప్పినప్పుడు?

… ఆ చక్రం బరువు. ఒక్కడి వల్ల కాదు. ఎవరెవరు తిప్పారు?

… …

నువ్వా.

… …

తిప్పేముందు గొట్టానికి చెవి పెట్టి విన్నావా?

… విన్నావా. ఎంతసేపు?

ఏమైనా వినిపి—

వద్దు. చెప్పకు. ఆగు, చెప్పకు. నువ్వు ఏం చెప్పినా నేను బతకలేను. వినిపించిందన్నా, వినిపించలేదన్నా.

… …

లేదు. తిట్టను. శాపనార్థాలు కూడా రావట్లేదు నోటికి. నీ దగ్గర గాలి పీల్చుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది, అంతే. పీల్చుకో.

తాళంచెవి ఇవ్వను. దాంతో ఏమీ కాదని తెలుసు. ఇంకోటి చేయించుకుంటారు, బజార్లో ఐదు నిమిషాల పని. అయినా ఇవ్వను.

… ఏంటండీ అత్తయ్యా? ఎందుకు లేచారు? గోడ పట్టుకోండి, పడతారు… ఏంటది చేతిలో?

ఎవరిచ్చారు?

తమ్ముడూ, నేను ఫోన్ పెట్టెయ్యట్లేదు. ఇదిగో, ఇక్కడ బల్ల మీద పెడుతున్నా. నువ్వూ పెట్టెయ్యకు. ఇన్ని విన్నావు, ఇది కూడా విను.

అత్తయ్యా, ఆ గ్లాసు ఇలా ఇవ్వండి. తాగకండి. తెలుసు, తెలుసమ్మా, పొద్దుటి నుంచి దాహం… ముందు ఇలా కూర్చోండి. నా చెయ్యి పట్టుకోండి. అబ్బాయి పొరుగూరు వెళ్లలేదు.